రెండు గజాల లెక్క: క్లెమ్సన్ ముందువరుసకు గండి ఎక్కడ పడింది?

2021 సెప్టెంబరు 4, శనివారం రాత్రి. నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లట్ నగరంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా స్టేడియం సుమారు 74 వేల మందితో కిక్కిరిసి ఉంది. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో అప్పటికి మూడో ర్యాంకులో ఉన్న క్లెమ్సన్ విశ్వవిద్యాలయం జట్టు, ఐదో ర్యాంకులో ఉన్న జార్జియా విశ్వవిద్యాలయం జట్టుతో సీజన్ తొలి మ్యాచ్ ఆడింది, 10-3తో ఓడింది. ఆ రాత్రి మొత్తం మీద నమోదైన టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) ఒక్కటే. అది కూడా జార్జియా డిఫెన్స్, అంటే ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే దళం, సాధించినదే. రెండో క్వార్టర్‌లో క్రిస్టఫర్ స్మిత్ అనే ఆటగాడు క్లెమ్సన్ పాస్‌ను మధ్యలోనే అందుకుని 74 గజాలు పరుగెత్తి గోల్ గీత దాటాడు. అంటే క్లెమ్సన్ డిఫెన్స్ ప్రత్యర్థి అఫెన్స్‌కు (బంతితో దాడి చేసే దళానికి) ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వలేదు, అయినా జట్టు ఓడిపోయింది.

మర్నాడు అందరి నోళ్లలో నానినవి రెండు అంకెలు. క్లెమ్సన్ 23 సార్లు బంతితో పరుగెత్తి మొత్తం మీద సంపాదించినది 2 గజాలు. క్లెమ్సన్‌లో పాస్ విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, డీజే ఉయాంగలెలే బంతి విసిరేలోపే నేలకూలినది 7 సార్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారందరూ ఒకే తీర్పు చెప్పారు: అఫెన్సివ్ లైన్ బలహీనంగా ఉంది, ముందువరుసలోని ఆ ఐదుగురికి సత్తా లేదు.

ఆ అంకెల్లో అబద్ధం లేదు. కానీ ఒక అంకెలో నాలుగైదు విషయాలు ముడిపడి ఉన్నప్పుడు, ఆ ముడి విప్పకుండా చెప్పే తీర్పు సగం మాత్రమే నిజమవుతుంది. ఆ మ్యాచ్ రికార్డింగును రెండోసారి చూసేటప్పుడు నేను బంతి మీద నుంచి చూపు తప్పించి, ప్రతి ఆటలోనూ మొదటి మూడు సెకన్లపాటు ఆ ఐదుగురినే చూశాను. అలా చూస్తే తేలినది ఒకటే. వారిలో ఒక్కొక్కరి బలానికి కొరత లేదు. ఐదుగురూ ఇంకా ఒక వరుసగా కుదురుకోలేదు.

ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే ఆట గుర్తొచ్చే మన పాఠకుల కోసం ఇక్కడ కొంత వివరణ అవసరం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. పది గజాలు దాటితే మళ్లీ నాలుగు డౌన్లు దక్కుతాయి, దాటలేకపోతే బంతి ప్రత్యర్థికి పోతుంది. బంతికి ముందు వరుసలో వంగి నిలబడే ఐదుగురే అఫెన్సివ్ లైన్. నడుమ సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, రెండు చివరలా టాకిళ్లు. ఒక్కొక్కరు సుమారు 136 కిలోల బరువుండే ఈ భారీ మనుషులు మామూలు ఆటలో పాస్ అందుకోవడానికి వీల్లేదు, వాళ్ల పేరు మీద గజాలు నమోదు కావు. వాళ్ల పని రెండు రకాలు. పరుగు ఆటలో ఎదుటి గోడకు గండి కొట్టి తమవాడికి దారి ఇవ్వాలి, పాస్ ఆటలో తమ గోడకు గండి పడకుండా క్వార్టర్‌బ్యాక్‌కు రెండున్నర, మూడు సెకన్ల సమయం ఇవ్వాలి.

కబడ్డీ చూసినవారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. కూతకు వచ్చినవాడిని పట్టడానికి డిఫెండర్లు చేతులు పట్టుకుని గొలుసు కడతారు. ఆ గొలుసులో ఎవరి బలం ఎంత అన్నదానికంటే, పక్కవాడు ఎప్పుడు కదులుతాడో చూడకుండానే తెలియడం ముఖ్యం. మూలన ఉన్నవాడు ముందుకు దూకి, అతని పక్కనున్నవాడు అర క్షణం ఆలస్యం చేస్తే ఆ సందులోంచే కూతగాడు గీత దాటిపోతాడు. అఫెన్సివ్ లైన్‌ది ఇంతకంటే కష్టమైన పరిస్థితి. బంతి కదిలేవరకు వాళ్లు శిలల్లా కదలకుండా ఉండాలి, కదిలితే అయిదు గజాల శిక్ష పడుతుంది. ఎదుటి డిఫెండర్లు మాత్రం బంతి కదిలే ఆఖరి క్షణం వరకు అటూఇటూ స్థానాలు మార్చుకుంటూనే ఉండవచ్చు. పైగా ఎదుటివాడిని బిగించి పట్టుకుని ఆపడానికి వీల్లేదు, అది నేరమై పది గజాలు వెనక్కి పంపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండు గజాల సంగతి. అమెరికా కళాశాల ఫుట్‌బాల్ గణాంకాల్లో ఒక పద్ధతి ఉంది, అది తెలియకపోతే ఈ అంకె ఎవరినైనా తప్పుదారి పట్టిస్తుంది. పాస్ విసిరేలోపు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని సాక్ అంటారు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సాక్ వల్ల పోయిన గజాలను జట్టు పాస్ లెక్కలోంచి తీసేస్తారు. కళాశాల ఆటలో మాత్రం వాటిని పరుగు లెక్కలోంచి తీసేస్తారు, ఆ సాక్‌ను కూడా ఒక పరుగు ప్రయత్నంగానే రాస్తారు. కాబట్టి క్లెమ్సన్ ఖాతాలోని 23 పరుగు ప్రయత్నాల్లో 7 అసలు పరుగులే కావు, అవి పాస్ వేయబోయి కూలిన సందర్భాలు. మిగిలినవి 16. ఒక్కో సాక్‌కు ఆరు గజాల చొప్పున నష్టం వేసుకుంటే 42 గజాలు పోయినట్టు. అప్పుడు ఆ 16 పరుగుల్లో వచ్చినవి 44 గజాలు, అంటే పరుగుకు మూడు గజాల లోపు. ఇదీ మంచి అంకె కాదు. కానీ మూడు గజాల లోపు ముందుకు పోవడం వేరు, ఉన్నచోటనే కూరుకుపోవడం వేరు. మొదటిది ఒక చెడ్డ రోజు. రెండో దానికి వైద్యమే వేరుగా ఉండాలి.

ఇదే లెక్కను ఇంకొక వైపు నుంచి చూడాలి. ఆ రాత్రి క్లెమ్సన్ 37 పాస్‌లు విసిరింది. వాటికి 7 సాక్‌లు కలిపితే పాస్ కోసం వెనక్కి అడుగు వేసినవి 44; మొత్తం 60 ఆటల్లో 44, అంటే నాలుగింట మూడు వంతులకు దగ్గర. నా దృష్టిలో ఆ మ్యాచ్ కాగితాల్లో అన్నిటికంటే విలువైన అంకె ఇదే, ఆ రెండు గజాలు కాదు. పరుగెత్తుతారో విసురుతారో తెలియనప్పుడే డిఫెండరు సందేహిస్తాడు, ఆ సందేహమే లైన్‌మన్‌కు దొరికే ఊపిరి. విసరడం తప్ప గత్యంతరం లేదని తెలిసిపోయాక డిఫెండరు తల వంచుకుని నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికే వస్తాడు.

పరుగు సాగకపోవడం, సాక్‌లు పడటం అనే ఈ రెండు రోగాలు నిజానికి ఒకే వేరు నుంచి పుట్టాయి. మొదటి డౌన్‌లో పరుగుకు ఒక గజం వచ్చిందనుకుందాం. రెండో డౌన్‌లో తొమ్మిది గజాలు కావాలి, అందుకని పాస్ వేశారు, అది నేలపాలైంది. మూడో డౌన్‌లో కూడా తొమ్మిదే కావాలి, పాస్ తప్పదని మైదానంలో అందరికీ తెలుసు. తొమ్మిది గజాల దూరాన పాస్ అందుకునే మనిషి డిఫెండరును వదిలించుకుని ఖాళీ కావడానికి సమయం పడుతుంది, ఆ సమయమంతా లైన్ గోడ నిలబెట్టాలి. అక్కడ సాక్ జరిగితే చూసేవాళ్లు టాకిల్‌ను తిడతారు. కానీ అతనికి అంత కష్టం వచ్చిపడింది రెండు ఆటల ముందు, మొదటి డౌన్‌లో గార్డు, సెంటర్ కలిసి ఒక మనిషిని కదిలించలేకపోయినప్పుడు.

ఆ ఐదుగురూ ఎవరో, ఎక్కడి నుంచి వచ్చారో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2020 సీజన్‌లో క్లెమ్సన్ వరుస ఎడమ నుంచి కుడికి ఇలా ఉండేది: జాక్సన్ కార్మన్, మ్యాట్ బాక్‌హోర్స్ట్, కేడ్ స్టీవర్ట్, విల్ పట్నమ్, జోర్డన్ మెక్‌ఫాడెన్. సీజన్ ముగిశాక ఎడమ టాకిల్ కార్మన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు, సెంటర్ స్టీవర్ట్ కళాశాల ఆట ముగిసింది. ఖాళీ అయినవి రెండు స్థానాలే. కానీ ఆ రెండూ నింపడానికి దాదాపు వరుసంతా కదిలించాల్సి వచ్చింది. కుడి చివర ఆడే మెక్‌ఫాడెన్ ఎడమ చివరకు వచ్చాడు. ఎడమ గార్డుగా ఉన్న బాక్‌హోర్స్ట్ సెంటర్ అయ్యాడు. అతను వదిలిన ఎడమ గార్డు చోటు మార్కస్ టేట్‌కు దక్కింది, అతను కళాశాలలో అప్పుడే అడుగుపెట్టిన మొదటి సంవత్సరం కుర్రవాడు. కుడి టాకిల్‌గా వాకర్ పార్క్స్ వచ్చాడు. అంతకుముందు ఏడాది ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడినవాడు ఐదుగురిలో ఒక్క పట్నమ్ మాత్రమే.

కుడి నుంచి ఎడమకు మారడం అంత పెద్ద సంగతా అని అడగవచ్చు. హైదరాబాదులో పదేళ్లు కారు నడిపి అమెరికా వచ్చిన మనవాళ్లు మొదటి వారంలో మలుపు దగ్గర ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తారు. నడపడం రాక కాదు, చేతికి అలవాటైన వైపు మారింది కనుక. లైన్‌మన్‌కు కూడా అంతే. కుడి టాకిల్ మొదట వెనక్కి జరిపేది కుడి కాలు, బయటివైపు కాచేది కుడి చెయ్యి. ఎడమకు మారితే ఇవన్నీ తలకిందులవుతాయి. నెలల సాధనతో కాళ్లు కొత్త వరసకు అలవాటుపడతాయి, కానీ అలసట, ఒత్తిడి, అరుపుల మధ్య పాత అలవాటు ఒక్క క్షణం తలెత్తినా చాలు.

వీటన్నిటికంటే బరువైన మార్పు సెంటర్ స్థానంలో జరిగింది. వరుసకు కళ్లు, నోరు సెంటరే. బంతిని రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించేది అతనే, ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చదివి ఎవరు ఎవరిని ఆపాలో క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి నిర్ణయించి పక్కవాళ్లకు చెప్పేదీ అతనే. స్టేడియం హోరులో మాట వినపడనప్పుడు గార్డు వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్ సైగ చూసి, సెంటర్‌ను చేత్తో తట్టి సంకేతం ఇస్తాడు. ఆ తర్వాతే బంతి కదులుతుంది. ఈ పనికి ఆ రాత్రి కొత్తగా కుదిరినవాడు బాక్‌హోర్స్ట్, అతని ఎడమ భుజాన నిలబడినవాడు తొలి కళాశాల మ్యాచ్ ఆడుతున్న టేట్, ఇద్దరి వెనకాల ఉన్నది అంతవరకు రెండే మ్యాచ్‌లు ఆరంభం నుంచి ఆడిన క్వార్టర్‌బ్యాక్. నిర్ణయాలు తీసుకునే ముగ్గురూ ఆ పనికి ఒకేసారి కొత్తవారు కావడం చిన్న విషయం కాదు.

ఆ కొత్తదనం ఎక్కడ బయటపడుతుందో ఒక ఎత్తును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. డిఫెన్స్ ఆడే ఈ ఎత్తును స్టంట్ అంటారు. ఎడమ గార్డుకు ఎదురుగా ఉన్న భారీ డిఫెండరు బంతి కదలగానే నేరుగా రాకుండా అడ్డంగా టాకిల్ వైపు దూసుకుపోతాడు. గార్డు సహజంగానే అతని వెంట రెండడుగులు వేస్తాడు. అదే క్షణంలో టాకిల్‌కు ఎదురుగా ఉన్న డిఫెండరు ఒక్క లిప్తపాటు ఆగి, ముందువాడి వెనక నుంచి చుట్టు తిరిగి గార్డు ఖాళీ చేసిన సందులోకి వస్తాడు. దీనికి విరుగుడు అందరికీ తెలుసు: గార్డు తనవాడిని టాకిల్‌కు అప్పగించి, వెనక్కి జరిగి, రెండోవాడిని అందుకోవాలి. అప్పగించడం అన్న ఆ ఒక్క పనిలోనే ఉంది కిటుకంతా. టాకిల్ అందుకుంటాడన్న నమ్మకం లేని గార్డు ఇంకొక అడుగు వెంటపడతాడు, ఆ అడుగు దూరంలోనే సాక్ జరిగిపోతుంది. తప్పు చేసినవాడు గార్డులా కనిపిస్తాడు, కానీ నిజానికి లేనిది ఇద్దరి మధ్య పరిచయం. పక్కపక్కన ఇరవై మ్యాచ్‌లు ఆడిన జంట ఆ అప్పగింతను చూసుకోకుండా చేస్తుంది.

ఇక ఎదురుగా నిలబడినవాళ్ల సంగతి చెప్పకుండా ఈ విశ్లేషణ న్యాయంగా ఉండదు. జార్జియా డిఫెన్స్ నడుమ జోర్డన్ డేవిస్ ఉన్నాడు. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, మరుసటి వసంతంలో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు తూచినప్పుడు 341 పౌండ్లు, అంటే సుమారు 155 కిలోలు. అంత బరువుతో 40 గజాలను 4.78 సెకన్లలో పరుగెత్తాడు. అలాంటి మనిషిని ఒక్కడు ఆపలేడు, ఇద్దరిని పెట్టాలి. వరుసలో ఉన్నది ఐదుగురు. ఇద్దరు డేవిస్‌కు పోతే మిగిలేది ముగ్గురు, వాళ్లు ఎదుర్కోవలసినది ట్రావన్ వాకర్, డెవాంటే వయట్ వంటి వాళ్లను ఒంటరిగా. పరుగు ఆటలోనైతే ఇంకొక చిక్కు. డేవిస్‌ను పక్కకు నెట్టిన ఇద్దరిలో ఒకడు వెంటనే విడిపోయి వెనకనున్న లైన్‌బ్యాకర్‌ను అందుకోవాలి. డేవిస్ కదలకపోతే ఆ రెండోవాడు విడిపోలేడు, అప్పుడు లైన్‌బ్యాకర్ నకోబి డీన్‌ను తాకేవాడే ఉండడు. దేశంలోనే ఉత్తమ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్కస్ అవార్డు ఆ ఏడాది డీన్‌కే దక్కింది.

ఈ డిఫెన్స్ గొప్పతనం సెప్టెంబరులో ఎవరికీ పూర్తిగా తెలియదు, తర్వాతి నెలల్లో బయటపడింది. సీజన్ మొత్తం మీద జార్జియా ఇచ్చిన పాయింట్లు మ్యాచ్‌కు సగటున 10.2 మాత్రమే. 2022 జనవరి 10న ఇండియానాపోలిస్‌లో అలబామాను 33-18తో ఓడించి జాతీయ విజేత అయింది. ఆ వసంతంలో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (కళాశాల ఆటగాళ్లను లీగ్ జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులోనే జార్జియా డిఫెన్స్ నుంచి ఐదుగురు ఎంపికయ్యారు, వాకర్ మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటివాడు. ఇంకొక సాక్ష్యం నాకు ఇంతకంటే బలంగా కనిపిస్తుంది. ఏటా దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కు, ఒక మనిషికి కాకుండా మొత్తం వరుసకు, జో మూర్ అవార్డు ఇస్తారు. 2021లో దాన్ని గెలిచినది మిషిగన్. నవంబరు చివరిలో ఒహాయో స్టేట్ మీద 297 గజాలు పరుగెత్తి 42-27తో గెలిచిన వరుస అది. అదే మిషిగన్ డిసెంబరు 31న ఆరెంజ్ బౌల్ అనే మ్యాచ్‌లో జార్జియాను ఎదుర్కొని 34-11తో ఓడింది. పరుగుల్లో వంద గజాలు కూడా రాలేదు. దేశంలో ఉత్తమమని పేరు పొందిన వరుసకే, అదీ సీజన్ చివరలో, కలిసి పదమూడు మ్యాచ్‌లు ఆడి రాటుదేలాక, ఆ గతి పట్టింది. కలిసి ఒక్క మ్యాచ్ కూడా ఆడని వరుసకు తొలి రాత్రే అదే పరీక్ష ఎదురైంది.

అలాగని తప్పంతా జార్జియా బలం మీదికి నెట్టేస్తే అది కూడా సగం నిజమే. ఎందుకంటే జార్జియా వెళ్లిపోయాక కూడా క్లెమ్సన్ కష్టాలు తీరలేదు. రెండో వారం సౌత్ కరోలినా స్టేట్ మీద 49-3తో గెలిచినా, అది స్థాయిలో చాలా చిన్న జట్టు. అసలు సంగతి ఆ తర్వాత తేలింది: జార్జియా టెక్ మీద 14-8, నార్త్ కరోలినా స్టేట్ చేతిలో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 27-21తో ఓటమి, బోస్టన్ కాలేజీ మీద 19-13, సిరక్యూజ్ మీద 17-14. ఈ జట్లలో ఏదీ జార్జియా కాదు. వీటి మీద కూడా పాయింట్లు రాబట్టలేకపోయినప్పుడు, తొలి రాత్రి కనిపించిన గండి ప్రత్యర్థి కొట్టినది మాత్రమే కాదని, గట్టులోనే మట్టి ఇంకా గట్టిపడలేదని ఒప్పుకోవాలి.

గట్టు అంటే ఐదుగురే కాదు. సాక్‌కు తండ్రులు చాలామంది ఉంటారు. పాస్ అందుకోవలసిన రిసీవర్లు ఖాళీ కాకపోతే క్వార్టర్‌బ్యాక్ బంతిని పట్టుకుని ఉండిపోతాడు. క్వార్టర్‌బ్యాక్ మొదటి మనిషి మీదే చూపు నిలిపితే రెండోవాడు ఖాళీ అయినా కనపడడు. వెనక నిలబడిన రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు), క్వార్టర్‌బ్యాక్ మీదికొస్తున్న లైన్‌బ్యాకర్‌ను అడ్డుకోవడం మరచిపోతే లైన్ ఎంత బాగా నిలబడినా లాభం లేదు. 2020లో ఇవన్నీ కప్పిపుచ్చగలవాళ్లు ఇద్దరు ఉండేవారు. క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ అపాయం పసిగట్టి ముందే బంతి వదిలేసేవాడు, రన్నింగ్ బ్యాక్ ట్రావిస్ ఎటియెన్ వరుస ఇచ్చిన రెండడుగుల సందులోంచే ఇరవై గజాలు తెచ్చేవాడు. ఇద్దరూ 2021 డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు జాక్సన్‌విల్‌కు వెళ్లిపోయారు. పైకప్పు లేచిపోయాక గోడల బీటలు కనిపించినట్టు, వాళ్లు వెళ్లాకే లైన్ లోపాలు వెలుగులోకి వచ్చాయి. ఉయాంగలెలేకు చెయ్యి బలం అపారం, 2020లో నోట్రడామ్ మీద ఒక్క రాత్రే 439 గజాలు విసిరాడు. కానీ 2021 సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 9 టచ్‌డౌన్ పాస్‌లు, 10 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) మిగిలాయి. పదేపదే కింద పడినవాడు దెబ్బ తగలకముందే దెబ్బను ఊహించుకోవడం మొదలుపెడతాడు, అప్పుడు గోడ నిలబడిన ఆటల్లో కూడా తొందరపడతాడు. కాబట్టి లైన్ వల్ల క్వార్టర్‌బ్యాక్ చెడ్డాడా, క్వార్టర్‌బ్యాక్ వల్ల లైన్ చెడ్డదా అని విడదీయడం అక్టోబరు నాటికి అసాధ్యమైపోయింది.

మరి తొలి మ్యాచ్‌లోనే, అదీ లైన్‌కే, ఇలాంటివి ఎక్కువగా ఎందుకు జరుగుతాయి? ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌లు ఆడతాయి. కళాశాల జట్లకు ఆ వెసులుబాటు లేదు. వసంతంలో 15 రోజుల సాధన, ఆగస్టులో కొన్ని వారాల శిబిరం, తర్వాత నేరుగా ఫలితం లెక్కలోకి వచ్చే మ్యాచ్. శిబిరంలో ఎదుట నిలబడేది సొంత డిఫెన్సే, వాళ్ల అలవాట్లన్నీ ముందే తెలుసు. పైగా తలకు తగిలే దెబ్బల గురించిన ఆందోళనతో, 2021లో ఆ శిబిరంలో పూర్తి కవచాలతో సాధన చేసే రోజులను తొమ్మిదికి కుదించారు. ఆ నిర్ణయం పిల్లల ఆరోగ్యం కోసం తీసుకున్నది, నా మట్టుకు నాకు అది సరైనదే. కానీ దాని ఖరీదు అందరికంటే ఎక్కువగా చెల్లించేది లైన్‌మెన్. రిసీవరు కవచం లేకుండా కూడా పరుగెత్తి బంతి పట్టడం సాధన చేయగలడు. 140 కిలోల మనిషి నిజంగా మీదికి వచ్చినప్పుడు పక్కవాడికి ఎలా అప్పగించాలో నిజంగా ఢీకొంటేనే తెలుస్తుంది.

మరమ్మతు కూడా నడుస్తున్న బండికి చేయాల్సి వచ్చింది. సీజన్ సాగుతుండగా సెంటర్ స్థానంలో మనుషులు మారారు, బాక్‌హోర్స్ట్ మళ్లీ గార్డుగా వెనక్కి వచ్చాడు, అక్టోబరు 23న పిట్స్‌బర్గ్ చేతిలో 27-17తో ఓడిన మ్యాచ్‌లో మోకాలి లిగమెంటు తెగి అతని కళాశాల ఆటే ముగిసింది. ప్రతి మార్పూ ఒక రంధ్రం పూడ్చేది, కానీ ప్రతి మార్పుతోనూ పక్కపక్కవాళ్ల పరిచయం మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. అయినా నవంబరుకు వరుస కుదుటపడింది. నవంబరు 20న వేక్ ఫారెస్ట్ మీద క్లెమ్సన్ 48-27తో గెలిచినప్పుడు పరుగుల్లోనే 300 గజాలు దాటింది. కోబీ పేస్ ఒక్కడే 191 గజాలు పరుగెత్తాడు, మొదటి ఏడాది కుర్రవాడు విల్ షిప్లీ 112. తర్వాతి వారం సౌత్ కరోలినా మీద 30-0. సీజన్ చివరికి పది విజయాలు, మూడు ఓటములు. వేరే ఏ జట్టుకైనా ఇది పండగే. కానీ 2015 నుంచి 2020 వరకు వరుసగా ఆరుసార్లు తాను ఆడే లీగ్ అయిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ గెలిచిన క్లెమ్సన్‌కు ఆ ఏడాది టైటిల్ మ్యాచ్ ఆడే అర్హత కూడా దక్కలేదు.

నా అభిప్రాయంలో షార్లట్‌లో ఆ రాత్రి ఓడిపోవడానికి బీజం ఆ రాత్రి పడలేదు. స్టీవర్ట్ వెళ్లిపోతాడని ముందే తెలిసినా, అతని వెనక ఏడాదిపాటు సెంటర్‌గా తయారైనవాడు సిద్ధంగా లేకపోవడంలో పడింది. 2021 ఏప్రిల్‌లో కళాశాల క్రీడల నియమాలు మారి, ఆటగాళ్లు ఒకసారి ఏడాది ఆగకుండానే వేరే విశ్వవిద్యాలయానికి మారే వీలు కలిగింది. అనేక జట్లు ఆ దారిలో అనుభవం ఉన్న లైన్‌మెన్‌ను తెచ్చుకున్నాయి. హెడ్ కోచ్ డాబో స్వినీ తాను ఎంచుకుని పెంచుకున్న పిల్లలనే నమ్మాడు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను; పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి నీ వంతు వస్తుందని ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో గౌరవం ఉంది. కానీ ఆ దారి ఎంచుకున్న కోచ్, వరుసలో ప్రతి స్థానానికీ రెండేళ్ల ముందే వారసుణ్ణి తయారు చేసుకోవాలి. ఒక్క చోట వారసుడు లేకపోతే వరుసంతా కదిలించాల్సి వస్తుంది. 2021లో జరిగింది అదే.

సీజన్ ముగిశాక లైన్ కోచ్ రాబీ కాల్డ్‌వెల్ మైదానం బాధ్యతల నుంచి తప్పుకోగా థామస్ ఆస్టిన్ ఆ పనిలోకి వచ్చాడు. అఫెన్స్ నడిపిన టోనీ ఎలియట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. 2022 సెప్టెంబరు 5న, షార్లట్ రాత్రికి సరిగ్గా ఏడాది దాటిన మర్నాడు, అట్లాంటాలో జార్జియా టెక్‌తో క్లెమ్సన్ కొత్త సీజన్ మొదలుపెట్టింది. ఎడమ చివర మెక్‌ఫాడెన్, అతని పక్కన టేట్, సెంటర్‌గా పట్నమ్, కుడి గార్డుగా పార్క్స్, కుడి చివర కొత్తగా వచ్చిన బ్లేక్ మిల్లర్. ఏడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడలేకపోయిన ఐదుగురిలో నలుగురు వాళ్లే, వాళ్ల వెనక నిలబడినవాడు ఆ ఉయాంగలెలేనే. ఎడమ పక్కన మెక్‌ఫాడెన్, టేట్ ఇప్పుడు ఒకరినొకరు ఎరిగిన జంట. షార్లట్‌లో తన చోటు మారని ఏకైక మనిషి పట్నమ్ ఇప్పుడు సెంటర్‌గా మారి, వసంతం నుంచి సాధన చేసి వచ్చాడు. క్లెమ్సన్ 41-10తో గెలిచింది, డిసెంబరులో నార్త్ కరోలినాను 39-10తో ఓడించి కాన్ఫరెన్స్ టైటిల్ తిరిగి తెచ్చుకుంది. మెక్‌ఫాడెన్‌ను 2023 డ్రాఫ్ట్ ఐదో రౌండులో లాస్ ఏంజెలెస్ చార్జర్స్ ఎంచుకున్నారు.